గుమాస్తాల సంఘంలో పాము

శాబ్లీ, 1541 జనవరి

అక్క కొడుకు తిబోకి, మేనమామ, మన ఊరి చర్చి గురువు గోబెర్ దీవించి, ఆ వెంటనే మండిపడి రాయునది.

పారిస్‌లో కోర్టు గుమాస్తాల సంఘంలో చేరావట. దాని పేరు బజోష్ అట! ఒరేయ్, బైబిలు కీర్తనలో తొక్కమన్న పాము బాసిలిస్కు గుర్తులేదా? చూపుతోనే చంపుతుంది. మీ సంఘం పేరు దాన్నుంచే పుట్టింది! పైగా మీకో రాజు కూడానట. కొలువొదిలి రా. ద్రాక్షతీగలు కత్తిరించే దిక్కు లేదు.

నీ ఆత్మకి కాపలాదారు,
గోబెర్

తా.క. ఆదివారం ప్రసంగంలో నీ పేరెత్తలేదు. మీ అమ్మ వైపు చూశానంతే.

*

పారిస్, ఫిబ్రవరి

పూజ్యులైన మామయ్యకి, ఇంకా ఏ పామూ కరవని తిబో నమస్కారాలు.

పాము కాదు మామయ్యా, బాసిలికా! రోమువాళ్లు తీర్పులు చెప్పిన మంటపం. తర్వాత చర్చిలకీ ఆ పేరే వచ్చింది. మా రాజు ఉత్తుత్తి రాజు, మేమే ఎన్నుకుంటాం. ఉపవాసాల ముందు మంగళవారం నవ్వుకోడానికి ఒక దావా నడుపుతాం. ఈసారి ఈ పేరు గొడవే! నువ్వొచ్చి గెలిస్తే తోటకొచ్చేస్తా. ఓడితే నన్నిక్కడే ఉండనియ్యి.

నీ విధేయుడు,
తిబో

తా.క. ఈ చలిలో నువ్వు రాలేవని పందెం కూడా కాశాను.

*

శాబ్లీ, ఫిబ్రవరి

దారి తప్పిన తిబోకి,

చర్చి పేరు పెట్టుకుని ఉత్తుత్తి దావాలా? ఆలయంలో వ్యాపారులని చూసి ప్రభువు ఏం పేనాడు? కొరడా! నేనూ పేనాను. బయల్దేరుతున్నా.

గోబెర్

తా.క. అది మీ అమ్మ బట్టలారేసే తాడు. ఆవిడకి చెప్పకు.

*

పారిస్, నీ గది, మార్చి

మాట తప్పని మేనల్లుడికి,

క్షేమంగా ఊరు చేరావా? నువ్వు ముఖం వేలాడేసుకుని బండెక్కాక మీవాళ్లు నన్ను మళ్లీ భుజాలకెత్తుకున్నారు. "పామే!" అని మీ రాజు తీర్పిచ్చినప్పుడు బల్లలు విరిగాయి కదా! ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో కునికేవాళ్లకి ప్రసంగించానురా. ఇక్కడ ఒక్కడు కన్ను మూయలేదు. వచ్చే దావా కూడా నన్నే వాదించమన్నారు. కాదనలేకపోయాను. నీ కొలువూ నాకే ఇచ్చారు.

తీగలు జాగ్రత్త. ఆదివారం ప్రసంగం కూడా నీదే.

నీ మామ, కోర్టు గుమాస్తా,
గోబెర్

తా.క. దారిలో ఒక ముసలి గురువుగారిని అడిగాను. మీ సంఘం పేరు పుట్టింది బాసిలికా నుంచేనట. దావా ముందురోజే తెలిసింది. ప్రసంగం అబద్ధాల మీద చెయ్యి, కానీ ఎవరి వైపూ చూడకు.