వెంటనే అనని మాట

అమ్ఘరా, మంగళవారం రాత్రి

మధ్యాహ్నం కువైట్ ఎండకు సొమ్మసిల్లి, మా స్క్రాప్ యార్డులో చక్రాల్లేని కారులో రాజన్న స్టీరింగ్ పట్టుకునే నిద్రపోయాడు. ఏ ఊరికి తోలుకుపోతున్నాడో, పెదాల మీద నవ్వు. డ్యూటీలో పడుకున్నవాడి పేరు ఫోర్‌మన్‌గా నేను కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, చెప్పాలి. చెబితే వాడి ఉద్యోగం ఖలాస్. చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

వాడు ఉలిక్కిపడి లేచి, "కన్నంటుకున్నదన్నా. కఫీల్‌కు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. వాడు చాలాసేపు బతిమాలాక, "ఎళ్లి మొహం కడుక్కోరా" అన్నాను.

దండించగలిగీ దండించకపోవడమే రాజుకు అందమని పూర్వం రోమ్‌లో స్టోయిక్ జ్ఞానులు అన్నారట, మొన్న ఫోన్‌లో విన్నాను. సాయంత్రమంతా అలాంటి రాజును నేనేనని గాల్లో తేలిపోయాను. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ కారు ఇసుక మీద మెల్లగా కదులుతోంది.

ముందే క్షమించినవాణ్ణి, ఆ మాట వెంటనే ఎందుకు అనలేదు? వాడు బతిమాలుతుంటే వినడం నాకు బాగుంది.