పత్తి మందుకు విరుగుడు

బాపూ,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. పత్తి చేనుకు పురుగుమందు కొట్టి వచ్చి నువ్వు నురగలు కక్కుతుంటే, గాలి సోకిందని మంత్రగాణ్ణి పిలిచారట. నేనప్పుడు పట్నంలో డాక్టరు చదువులో ఉన్నాను.

ఇప్పుడు బోథ్ ఊరి దవాఖానాలో డాక్టరును. ఈ పొద్దున ఒక రైతును మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి ధారగా చొంగ. కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి, నాడి మందంగా కొట్టుకుంటోంది.

"గాలి సోకింది డాక్టరమ్మా!" అని అతని భార్య ఏడ్చింది.

"గాలి కాదక్కా, పత్తి మందు. గా బట్టలిప్పి సబ్బుతోని ఒళ్లు కడుగుండ్రి" అన్నాను.

గుండె, చెమట, ఉమ్మి, కంటిపాప మనం చెబితే నడిచేవి కావు బాపూ. వాటిని నడిపే నరాలు వేరే ఉన్నాయి. కొన్ని ఉరికిస్తాయి, కొన్ని నిదానం చేస్తాయి. ఆ మందు ఒంట్లోకి పోతే, నిదానం చేసే నరాలకు పగ్గాలుండవు. చొంగ కారిస్తూ, గుండె ఆగేదాకా పోతాయి. వాటిని అణచేది అట్రోపిన్ సూది. ఒకటిచ్చి చూశాను, మళ్లీ ఇచ్చాను, మళ్లీ ఇచ్చాను.

మధ్యాహ్నానికి కంటిపాపలు విచ్చుకున్నాయి. చొంగ ఆగింది.

"నోరెండుతుంది బిడ్డా, జర నీళ్లియ్యి" అన్నాడా రైతు.

నోరెండిందంటే సూది పనిచేసినట్టే. నేనే నీళ్లు తాగించాను. అతని భార్య నా రెండు చేతులూ పట్టుకుని, "ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అని అడిగింది.

వార్డంతా వినబడేలా నీ పేరు చెప్పాను.

నీ బిడ్డ