యోవాషు మేనత్త ఆస్తి పంపకం

త్రాసులూ కాటాలూ బాగుచేసే దుకాణానికి హక్కుదారునైన నేను, ఆ దుకాణం పెట్టిన మనిషికి భార్యను, ఒక కొడుకుకు తల్లిని, ఒక మేనల్లుణ్ణి పెంచిన మేనత్తను, ఇద్దరు మనవలకు నానమ్మను, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది రద్దు. నేను కోపంగా ఉన్నాననీ, కోపం వేరు, మతి తప్పడం వేరనీ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. "ఇలాంటి సర్టిఫికెట్టు ఎప్పుడూ ఇవ్వలేదండీ" అంది. ఇప్పుడివ్వమన్నాను.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా కోడలిది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి కూరలో ఉప్పు దగ్గరా, కిటికీ తెరల దగ్గరా, పిల్లల నిద్ర దగ్గరా నాతో వాదిస్తూనే ఉంది. కానీ నా ముందొక మాట, వెనకొక మాట ఎన్నడూ అనలేదు. ఈ కుటుంబంలో అలాంటివాళ్ళు తగ్గిపోయారు. నా కుట్టుమిషను కూడా ఆమెదే. సూది వంకరగా బిగిస్తుంది. ఇకనైనా నేర్చుకోవాలి.

2. ఆస్తి రాసేముందు కారణం రాస్తాను. రేపు ఎవరూ "ముసలావిడ చాదస్తం" అనకూడదు.

ఈ చర్చి సంఘంలో సగంమందికి సండేస్కూల్లో బైబిల్లోని రాజుల కథలు చెప్పింది నేనే. దావీదు వడిసెల అందరికీ గుర్తుంది. యోవాషు రాజు ఎవరికీ గుర్తులేడు. సింహాసనం కోసం అతల్యా రాణి రాజవంశంలోని పిల్లలందర్నీ చంపిస్తుంటే, చంటిబిడ్డ యోవాషును అతని మేనత్త యెహోషెబ ఎత్తుకుపోయి పడకగదిలో దాచింది. ఆమె భర్త యెహోయాదా యాజకుడు. ఆ దంపతులు బిడ్డను ఆలయంలో పెంచి రాజును చేశారు. యెహోయాదా బతికున్నంతకాలం యోవాషు బుద్ధిగా ఉన్నాడు. ఆలయం కూడా బాగుచేయించాడు. ఆయన పోగానే పెద్దమనుషులు వచ్చి వంగి నమస్కారాలు పెట్టారు. అంతే, వాళ్ళ మాట విని ఆలయం వదిలి విగ్రహాల వెంట పోయాడు. ఇది తప్పని యెహోయాదా కొడుకు జెకర్యా నిలబడి చెప్పాడు. యోవాషు అతన్ని ఆలయం ఆవరణలోనే రాళ్ళతో కొట్టించి చంపించాడు. తనను పెంచినవాడి కొడుకుని.

క్రైస్తవులకు అహాబులాంటి పేరుమోసిన దుష్టరాజు వల్ల పెద్దగా ప్రమాదం లేదు. మనలో ఎవరూ తాను అహాబుననుకోరు. భయపడవలసింది యోవాషును చూసి. మంచివాడి చెయ్యి పట్టుకుని నడిచినంతకాలం ఎవరైనా తిన్నగానే నడుస్తారు. ఆ చెయ్యి వదిలాక నడిచిన నడకే మనది.

నా మేనల్లుడు మా అన్న కొడుకు. జ్వరాల్లో మా అన్నా వదినా ఇద్దరూ పోతే దుప్పట్లో చుట్టి తెచ్చింది నేను. తూకపు గుండు అడుగున గుంటలో సీసం పోయడం, సరిచూడడం, ఆ సీసం మీద ముద్ర కొట్టడం చెయ్యి పట్టుకుని నేర్పింది మా ఆయన. వాడికి మా ఇంట్లో వేరే కంచం, వేరే మంచం ఎప్పుడూ లేవు. మా ఆయన ఉండగా వాడు కొట్టిన ముద్రను ఎవరూ శంకించలేదు.

ఆయన పోయాక ధాన్యం కొట్టు షావుకారు దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. "మీ చెయ్యి పడితేగాని అది కాటానే కాదండీ" అనేవాడు. మావాడికి మెత్తటి కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. అందులో కూర్చున్న దగ్గర్నుంచి మావాడు బల్ల దగ్గర నిలబడడం మానేశాడు. తర్వాత షావుకారు గుండ్ల అడుగున సీసం కొంచెం కొంచెం తగ్గింది. పైన ముద్ర మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. తక్కువ గింజలు ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళలో మన సంఘంవాళ్ళే ఎక్కువ.

నా కొడుకు ఒక గుండు తిరగేసి చూశాడు. ముందు ఏకాంతంగానే అడిగాడు. "నువ్వు ఆకురాయి చూసుకో, యాపారం నాకొదిలెయ్" అన్నాడట మేనల్లుడు. ఆ తర్వాత అదే షావుకారును సంఘ పెద్దగా ఎన్నుకోమని సభలో ప్రతిపాదించాడు. అప్పుడు నా కొడుకు లేచి, "బావా, ఆయన గుండ్లు ఒక్కసారి తిరగేసి చూపించు. అన్నీ సరిగ్గా ఉంటే మొదటి చెయ్యి నేనే ఎత్తుతాను" అన్నాడు. "వీడికి దుకాణం మీద కన్ను పడింది, కూర్చోబెట్టండయ్యా" అని మేనల్లుడు నవ్వాడు. జనమూ నవ్వారు. నా కొడుకును రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నుంచి దూరంగా ఉంచాలా అని అడిగితే చేతులెత్తారు. తుంటి విరిగి నేను మంచంలో ఉన్నాను గనక ఆ సభకు వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు వచ్చి, రాళ్ళు వేసినట్టు మాట్లాడతావేంటమ్మా, చేతులెత్తామంతే అన్నారు. రాయి వేయాలన్నా ముందు చెయ్యే ఎత్తాలి.

మర్నాడు మేనల్లుడు దుకాణానికి కొత్త తాళం వేయించాడు. నా కొడుకు ఇప్పుడు ఎవరింటి మెట్ల కిందో ఉన్న గదిలో స్టవ్వులు బాగుచేసుకుంటున్నాడు. పైన ఎవరైనా నడిస్తే వాడి నెత్తిమీద సున్నం రాలుతుంది. కుర్చీలో మోయించుకుని వెళ్ళి చూసి వచ్చాను.

3. దుకాణం, అందులోని పనిముట్లు, ముద్రలు, పెద్ద కాటా, ఇవన్నీ నా కొడుకుకు రాసి ఇస్తున్నాను. షరతులేమీ లేవు. ఆ మెత్తటి కుర్చీ మాత్రం ఇవ్వడం లేదు. దాన్ని షావుకారుకు తిరిగి పంపాలి.

4. నా మనవరాలికి మందులు తూచే చిన్న త్రాసు, దాని గాజుపెట్టెతో సహా. చిన్నప్పుడు దాంట్లో గులాబీ రేకలు తూచి, ఊపిరి బిగబట్టి ముల్లు చూస్తూ కూర్చునేది. విగ్రహం పెట్టుకుని పూజించినందుకు ఆసా రాజు తన నానమ్మ మయకాను రాజమాత పదవినుంచి దింపేశాడు. తల్లీ, నేను తప్పుచేసి ఉంటే నన్నూ దింపు, మొహమాటపడకు. కానీ ఆసా చివరి అధ్యాయం కూడా చదువు. తన తప్పు చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. నానమ్మను సరిదిద్దినంత తేలిగ్గా మనల్ని సరిదిద్దనివ్వం.

5. నా మనవడికి తాతయ్య గొడుగు. వాళ్ళ నాన్నను గెంటేసినప్పుడు "నేనెలాగూ ఈ ఊళ్ళో ఉండను కదా నానమ్మా, నాకెందుకీ గొడవ" అన్నాడు. రాజ్యం బబులోను పాలవుతుందని ప్రవక్త చెబితే, నా రోజుల్లో కాదు కదా, మంచిదే అనుకున్నాడు హిజ్కియా. అంత భక్తిగల రాజు నోట అలాంటి మాట. ఆ గొడుగు పెద్దది నాయనా, ఇద్దరు పడతారు.

6. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తిలో ఏమీ ఇవ్వకూడదని చట్టం. పాస్టరుగారికి ఏమీ ఇవ్వకపోవడానికి నాకు చట్టంతో పని లేదు. ఆ సభలో ఆయన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారట. అందుకే ఆయన్నే సాక్షిగా పిలిచాను. "సాక్షి లోపలి సంగతులు చదవక్కర్లేదమ్మగారూ" అన్నారు. చదవకపోతే కలం ఇవ్వనన్నాను.

7. నా మేనల్లుడికి: నా కొడుకును కూర్చోబెట్టిన చోటే నిలబడి, అదే జనం ముందు, గుండ్లు తప్పుడువనీ, నా కొడుకు చెప్పింది నిజమనీ నువ్వు చెప్పాలి. షావుకారు గుండ్లన్నీ వెనక్కి తెచ్చి, నీ చేత్తో సీసం నింపాలి. మనష్షే రాజంతటి దుర్మార్గుడు గొలుసుల్లో ఉండి తనను తాను తగ్గించుకుంటే దేవుడు విన్నాడు. నీకు గొలుసులు కూడా లేవు, కుర్చీయే ఉంది. చెబితే దుకాణంలో నీ బల్ల నీకుంటుంది, ఆదాయంలో సగం నీకొస్తుంది. నా కొడుకు దీనికి ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. చెప్పకపోతే నీకు ఏమీ లేదు.

8. సమాధుల తోటలో మా ఆయన పక్కన రెండు చోట్లున్నాయి. ఒకటి నాది. రెండోది మేనల్లుడికని ఆయనే రాయించారు. కొట్టెయ్యమని కోడలంది. యెహోయాదాను రాజుల మధ్య పాతిపెట్టిన జనం, యోవాషును మాత్రం రాజుల సమాధుల్లోకి రానివ్వలేదు. నేను ఆ జనాన్ని కాను. ఏడవ అంశంలో వాడు ఏం చేసినా చేయకపోయినా ఆ చోటు వాడిదే. దీన్ని క్షమించడం అనుకోవద్దు. క్షమించమని వాడు అడగలేదు.

9. వీలునామాను మనిషి పోయాక చదువుతారు. దీన్ని రేపు ఆరాధన అయ్యాక, అందరూ లేవకముందే, మొత్తం చదవాలి. పాస్టరుగారు చదవాలి. ఆయన మళ్ళీ గడియారం వైపు చూస్తే కోడలు చదువుతుంది. నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టండి. బిడ్డను దాచిన తర్వాత యెహోషెబ గురించి గ్రంథం మరి ఒక్క మాట చెప్పదు. జెకర్యా మీద రాళ్ళు పడినరోజుకు ఆవిడ బతికుందో లేదో తెలియదు. నేను బతికే ఉన్నాను. వాడి సమాధానం నా చెవులతో వినాలి.

ఇది నా ఇష్టప్రకారం, నా ఇంట్లో, ఈ నెల మూడో శనివారం మధ్యాహ్నం రాసి ముగించాను.

(సంతకం) అమ్మ, అత్త, నానమ్మ

సాక్షులు:

డాక్టరమ్మ. ఈమె నా ఎదుటే సంతకం చేశారు.

పాస్టరు, సంఘ కాపరి. మొత్తం చదివాను. రేపు నేనే చదువుతాను.