కేసులేమైనా ఉన్నాయా?

యాదన్నా,

పోలీసు ఉద్యోగానికి పాసయ్యాను. పరుగు టైములో ముగించాను. రోజూ పొద్దున్నే "గాలి గుంజురా, ఇంకా గుంజు" అని తిడుతూ నువ్వు టేపు పెట్టి కొలిచిన ఛాతీ ఈసారి సరిపోయింది.

ఇవాళ వెరిఫికేషన్‌కి ఒక కానిస్టేబుల్ ముఖర్జీ నగర్‌లోని మన గదికే వచ్చాడు. నిన్ను కొట్టి చంపిన ఆ మెట్లు ఎక్కే వచ్చాడు.

మెట్లకు అడ్డంగా పెట్టిన బైకు తీయమన్నందుకు కింది అంతస్తు వాళ్లు ముగ్గురు హాకీ కర్రలతో నీ మీద పడ్డారు. మొదటి దెబ్బకే నీ పళ్లు రాలాయి. నేను డంబెల్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాను. వాళ్లలో ఒకడి తల నా చేతికందేంత దగ్గర్లో ఉంది. నువ్వు నెత్తురు ఉమ్ముతూ, వాళ్లకు తెలియని మన భాషలో అరిచావు.

"చెయ్యి లేపకురా! కేసయితే నౌకరీ రాదు!"

నేను లేపలేదు. "ఛోడ్ దో భయ్యా" అని బతిమాలాను. నీ తల పగిలిన చప్పుడు అంత దగ్గర నుంచే విన్నాను.

కానిస్టేబుల్ మంచివాడే. టీ తాగి, ఫారం తీసి అడిగాడు.

"కోయీ కేస్ హై తుమ్హారే ఊపర్?"

తడబడి తెలుగులోనే చెప్పేశాను. "లేవు."

"క్యా?"

"నహీ హై, సర్."

రాసుకుని, సంతకం పెట్టించుకుని, చెయ్యి కలిపి వెళ్లాడు. నేను తలుపు వేసి, నీ మంచం వైపు తిరిగి, ఆ మొదటి మాటే ఇంకోసారి అన్నాను.

లేవు.