రెండు సెకన్లు

నాన్నా,

ఇవాళ ఇంటర్ ఫిజిక్స్ క్లాసులో మేడమ్ ఇరవై మీటర్ల చెట్టు మీంచి కొబ్బరికాయ పడితే ఎంతసేపట్లో నేల తాకుతుందని అడిగారు.

"రెండు సెకన్లండి" అన్నాను. "మనిషి పడినా అంతేనాండి?"

"అంతేనమ్మా. బరువుతో పనిలేదు."

మేడమ్‌కి నీ సంగతి తెలియదు.

నువ్వు చెట్టు మీంచి జారినప్పుడు చాలాసేపు పట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ రెండు సెకన్లలోనే, రోజూ కాయ కోసే ముందు వేసే కేకే వేశావు. "తప్పుకో అమ్మా." తప్పుకున్నాను.

నువ్వు చెట్టెక్కేటప్పుడు కాళ్లకి వేసుకునే తాడు నిన్న అన్నయ్య అటక మీంచి తీశాడు. రేపు నువ్వు పడిన తోటలోనే కొబ్బరి దింపు, ఎక్కేది తనే. పొద్దుటినుంచీ వాన పడుతూనే ఉంది. కింద కాయలు పోగెయ్యడానికి నన్ను రమ్మన్నాడు.

అన్నయ్యకి కేక వెయ్యడం ఇంకా అలవాటు కాలేదు.