గౌలిపురలో చమురు పడిన సంగతి

కాలుష్య నియంత్రణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి బోరు నీళ్లలో హైడ్రోకార్బన్లు కలియుట, వాటిని చూసి అర్జీదారు మతి పోగొట్టుకొనుట గురించి.

1. గౌలిపుర నివాసి, చీరల దుకాణం గుమాస్తా అయిన బాలనర్సింహ అను నేను మనవి చేయునది. ఈ వేసవిలో మా బోరు నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలినది. వాసన చూసి, మా పెరట్లో చమురు పడినదని నిశ్చయించుకొంటిని. ఎవరూ వాటాకు రాకుండా బోరు స్విచ్ పెట్టెకు తాళం వేసితిని. ఆ నీళ్లే వాడుకొనే గల్లీవాళ్లు తిట్టిన తిట్లు ఇందు పొందుపరచుట మర్యాద కాదు.

2. నా భార్య భాగ్యశ్రీ, "ఏందయ్యా గీ లొల్లి? ఆళ్లకు నీళ్లిడువు," అనగా, "జర సబర్ చెయ్, మన ఫికర్లన్నీ పోతయ్," అంటిని. మరునాడే కొలువుకు రాజీనామా ఇచ్చితిని. సేటు నవ్వుతూ తీసుకొన్నాడు.

3. పిమ్మట సీసాలో ఆ నీళ్లు పట్టుకొని, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే స్రవ్య గారి వద్దకు పోతిని. ఆమె ఇట్లు సెలవిచ్చినది:

"హైడ్రోకార్బన్లంటే కార్బన్, హైడ్రోజన్ రెండే కలిసినవి అన్నా. గ్యాస్ బండల, కొవ్వొత్తిల, రోడ్డు మీది తారుల ఉండేటివి ఎక్కువ గవే. ఎన్నడో సముద్రం అడుగున చచ్చిన సన్న జీవులు బురదల కూరుకపోయి, కోట్ల ఏండ్లు ఉడికితే చమురైతది. గోదావరి డెల్టా దిక్కు లోతు పొరలల్ల దొరుకుతది. మన కింద ఉన్నది గ్రానైట్ బండ. గిది డీజిల్. మీ దగ్గర్ల పాత ట్యాంకు ఏమన్న ఉన్నదా?"

ఉన్నది. గల్లీ మొగలో, మూతపడిన లారీల షెడ్డు కింద.

4. ఇల్లు చేరేసరికి పాలమ్మే పక్కింటి కాశమ్మ ఖాళీ బిందెతో వాకిట్లో నిలబడి ఉన్నది. తాళం తీయలేదు. నిజం చెప్పి తల వంచుకొంటిని.

"మస్తు ఆశపోతువి బిడ్డా," అన్నది. "గని నీ ఆశ వల్లనే నా మనవరాలు గా నీళ్లు తాగలే."

మరునాడు తన వంతు నల్లా నీళ్లలో ఒక బిందె మా గడపలో దించిపోయినది. అప్పుడు నాకు కలిగిన సిగ్గును కొలిచే పరికరం తమ కార్యాలయంలో ఉండకపోవచ్చు.

5. కావున ఆ ట్యాంకును తవ్వి తీయించి, చుట్టుపక్కల బోర్లన్నింటినీ పరీక్ష చేయించి, అంతవరకు మా గల్లీకి ట్యాంకరు నీళ్లు ఇప్పించ ప్రార్థన. తాళం అట్లే ఉన్నది. చెవి మాత్రం కాశమ్మ కొంగుకు ఉన్నది.

గల్లీలో నావంటి తెలివిమంతుడు మరొకడు బయలుదేరకముందే ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాలనర్సింహ,
మాజీ గుమాస్తా

తా.క.: తమ సిబ్బంది వచ్చి బాలనర్సింహ ఇల్లేదని అడిగితే ఎవరూ చెప్పరు. "దుబాయ్ షేక్ ఇల్లేది?" అని అడగవలెను. చిన్నపిల్లలు సైతం తోలుకొస్తరు. నేను గూడ ఇప్పుడు ఆ పేరుకే పలుకుతున్న.