పక్క చేలో మొలవనీ

ఆళ్లగడ్డ

చిరంజీవి బామ్మర్ది శేషయ్యకు బావ చెన్నకేశవులు దీవించి రాసేది.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో నా గొంతు వీధి చివరికి వినిపిస్తుంది, మీ అక్క చెవులు అంతకన్నా దూరం పోతాయి. అందుకే నంద్యాల బస్సు కండక్టరు జీవన్ కుమార్ చేతికిస్తున్నాను.

మొన్న మనిద్దరికీ డాక్టరు వారానికొక సూది రాశాడు కదా, షుగరూ దిగుతుంది, పొట్టా దిగుతుందని. ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందని అడిగితే, "అంత దూరం సంగతి ఇంకా ఎవరికీ తెలీదప్పా, చూస్తాండారు. తెలిసినంత వరకు నీకు మేలే" అన్నాడు. తెలీదని ఒప్పుకునే డాక్టరును నేనెట్లా నమ్మేది?

మన పద్ధతి నీకు చెప్పాలా? కొత్త గింజ ముందు పక్కవాడి చేలో మొలవాలి. వాడి కాపు చూశాక మనం వేస్తాం. విత్తనాల అంగడి పెట్టినవాడివి, కొత్తదంటే నీకు భయముండదు. ముందు నువ్వు వేసుకుని వారం వారం రాయి. నిన్ను చూసి నేను మొదలుపెడతాను.

నీ మేలు కోరే బావ

తా.క. నా మందు ఫ్రిజ్జులో గోంగూర పచ్చడి వెనక దాచాను. మీ అక్కకు బర్రె మందని చెప్పాను.

ఇంకొకటి. కాలి బొటనవేలిని చెప్పు కరిచింది, ఆరడం లేదు. అది వేరే సంగతిలే.

*

నంద్యాల

పూజ్యులైన బావగారికి శేషయ్య నమస్కరించి రాసేది.

మీ మాట ప్రకారం వేసుకున్నాను. మొదట కడుపులో తిప్పింది. తర్వాత వాంతి, తర్వాత విరేచనాలు, తర్వాత మలబద్ధకం, ఆ తర్వాత తలనొప్పి. ఉగ్గాని, బజ్జీ కనిపిస్తే ముఖం తిప్పుకుంటున్నాను. చొక్కాలు వదులైపోయాయి. అంతకు మించి ఏమీ లేదు. మీరిక ఏ దిగులూ పెట్టుకోకుండా మొదలుపెట్టండి.

మీ విధేయుడు శేషయ్య

తా.క. మొదలుపెట్టిన రోజే మరచిపోకుండా రాయండి. నాకెందుకో తొందరగా ఉంది.

*

ఆళ్లగడ్డ

చిరంజీవి శేషయ్యకు బావ దీవెనలు.

నీ ఉత్తరం చదవగానే నాకూ కడుపులో తిప్పింది. చదివితేనే ఇంత పని చేసిన మందు, వేసుకుంటే ఏం చేస్తుందో. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. డబ్బాలోని కాగితం మీద ఏ వరుసలో అచ్చేశారో నీ బాధలన్నీ అదే వరుసలో వచ్చాయి. చిన్నప్పటి నుంచీ నీది పద్ధతైన ఒళ్లు.

టీ అంగడి దగ్గర నీ సంగతి చెప్పాను. ఈడ షుగరున్న వాళ్లంతా కంటితో చూస్తేనే నమ్ముతామన్నారు. వాళ్లన్నదీ న్యాయమే. విత్తనాల కంపెనీ వాళ్లు రైతులను జీపుల్లో తీసుకుపోయి చేను చూపించరా? మన సంజీవయ్య జీపు మాట్లాడాడు. ఆదివారం పొద్దున అందరం నిన్ను చూడటానికి వస్తున్నాం. నువ్వు చొక్కా విప్పి నిలబడితే చాలు. నీకు వాసన పడదు గాబట్టి వంటలు ఘనంగా పెట్టుకోవద్దు, మాకు మాత్రం వేటకూర చాలు.

ఇట్లు, బావ

తా.క. మీ అక్క ఈ మధ్య సగం సంగటి ముద్ద తిని లేస్తోంది. నా దిగులు చూడలేక తిండి తగ్గించింది పాపం. ఇట్లాంటి ఇల్లాలు ఎవరికి దొరుకుతుంది?

వేలు కొంచెం వాచింది. ఎవరికీ కనపడకుండా సాక్సు వేసుకుంటున్నాను.

*

నంద్యాల

బావగారికి శేషయ్య మీ కాళ్లు పట్టుకుని రాసేది.

జీపు ఆపించండి. నేను వేసుకోలేదు. నా సూది కూడా ఫ్రిజ్జులోనే, పాల ప్యాకెట్ల కింద ఉంది. పెద్దవారు మీరు మొదలుపెడితే చూసి వేసుకుందామనుకున్నాను. మీకు ధైర్యం రావాలని ఆ కాగితం ముందు పెట్టుకుని రాశాను.

అంగడికొచ్చిన ప్రతి రైతు చేతిలోనూ కొత్త గింజ పెట్టి "నా మాట నమ్మప్పా" అంటాను. నా ఒంటి దగ్గరికొచ్చేసరికి భయపడ్డాను బావా. ఆ దిగులుకు బజ్జీలు ఎక్కువ తిన్నాను. ఇప్పుడు చొక్కాకు గుండీలే పడటం లేదు. ఏం చూడటానికి వస్తారు?

సిగ్గుతో, శేషయ్య

తా.క. ఇది చదివి చింపేయండి. అక్క చూస్తే మనిద్దరి పనీ అయిపోతుంది.

*

నంద్యాల ఆసుపత్రి

తమ్ముడు శేషయ్యకు అక్క ప్రమీలమ్మ రాసేది.

నువ్వు ఇదే ఊళ్లో ఉన్నా ఉత్తరమే రాస్తున్నాను. మీ మగవాళ్లకు ఇట్లా రాస్తేనే ఎక్కేటట్టుంది. మీ బావ ఇంట్లో లేకపోతే జీవన్ కుమార్ నీ ఉత్తరం నాకిచ్చాడు. మిగతావి దిండు కింద దొరికాయి, తను నీకేం రాశాడో అదంతా మీ బావ చేతే చెప్పించాను.

బర్రె మందంట. బర్రెను అమ్మేసి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు లేదు, పాలు పిండిన నాకుంటుంది. ఆయన ఆ మాట చెప్పిన రోజే ఆ డబ్బా తీసుకుని, మా వీధి నర్సు నిర్మలను తోడు పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఇదేం మందని అడిగితే చెప్పి, నా ముఖం చూసి నాకూ రక్తపరీక్ష చేయించాడు. మీ ఇద్దరికన్నా నాకే షుగరు ఎక్కువ. దప్పికా నీరసమూ వయసుకు వచ్చాయనుకున్నాను. నన్ను చూపించాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నాకు వేరే రాసిచ్చాడు, అప్పటి నుంచి వేసుకుంటున్నాను. మీ బావ డబ్బాను మళ్లీ పచ్చడి వెనకే పెట్టాను. సగం ముద్దకే లేస్తున్నది మొగుడి మీద దిగులుతో కాదు.

నాకూ కడుపులో తిప్పింది. తిప్పితే డాక్టరుకు చెప్పాను. ఇరవై ఏళ్ల మాట నేనూ అడిగాను, నాకూ తెలీదనే చెప్పాడు. నాకు భయం లేదనుకోవద్దు. కానీ షుగరును వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా మామ కాలు కూడా బొటనవేలితోనే మొదలై మోకాలి దాకా పోయింది. ఆ కట్లు కట్టింది నేనే.

జీపు మా ఇంటి ముందు ఆగగానే మీ బావను మధ్యలో కూర్చోబెట్టి సాక్సు విప్పించాను. "చూడండప్పా, ఇది గింజ వేయకుండా పక్క చేను చూసుకుంటా కూచున్నోడి కాపు" అన్నాను. జీపు నీ ఇంటికి రాకుండా నేరుగా ఆసుపత్రికి వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారు, ఇప్పటికి నిలిచింది. మీ బావ మంచం మీద ముఖం గోడకు తిప్పుకుని ఏడ్చాడు. వచ్చిన వాళ్లంతా రక్తపరీక్షకు వరుసలో నిలబడ్డారు. నువ్వూ వచ్చి నిలబడు.

ప్రేమతో, అక్క

తా.క. వేటకూర పంపవద్దు, ఆదివారం సంగతి అయిపోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఏమైందో నేనుంటే రాస్తాను. చదవడానికి మీరిద్దరూ ఉండండి.